పీరియడ్స్ నొప్పి భరించలేనంతగా ఉంటే, డేట్లు తప్పుతుంటే: అసలు కారణం ఏంటో డాక్టర్ దగ్గర తేల్చుకోవడం ఎలా

ఇది ముఖ్యంగా కాలేజీలో ఉన్న, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన, ఇంకా పెళ్లి కాని అమ్మాయిల కోసం రాస్తున్నా. నెలనెలా కడుపు పట్టుకుని మంచం మీద పడుంటే మన ఇళ్లల్లో వచ్చే జవాబు ఒకటే, "అందరికీ ఉండేదేనమ్మా, పెళ్లైతే అదే సర్దుకుంటుంది". పెళ్లయ్యాక అది "పిల్లలు పుడితే తగ్గుతుందిలే" అవుతుంది, పిల్లలు పుట్టాక "గర్భసంచి తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది" అవుతుంది, ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా అసలు ఈ నొప్పి ఎందుకొస్తోంది అని అడగరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం చూస్తే దేశం మొత్తంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి, నాకు మాత్రం అది చూసినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది, వీళ్లల్లో ఎంతమందికి పాతికేళ్ల వయసులో ఎవరైనా సరిగ్గా చూసి కారణం చెప్పుంటే అంతదాకా వచ్చేది కాదు కదా అని. కాబట్టి నువ్వు హాస్పిటల్‌కి వెళ్లేది నొప్పి బిళ్ల రాయించుకోవడానికి కాదు, కారణం తెలుసుకోవడానికి. అది మనసులో పెట్టుకుని మొదలుపెట్టు.

ముందు నీది మామూలు నొప్పేనా కాదా చూసుకో

పీరియడ్ మొదలవగానే గర్భసంచి లోపలి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్స్ అనే పదార్థాలు విడుదలవుతాయి, వాటివల్ల గర్భసంచి గట్టిగా బిగుసుకుంటుంది, అదే నొప్పి. ఇది మామూలుగా బ్లీడింగ్‌తో పాటు మొదలై రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, నొప్పి బిళ్ల వేసుకుంటే వింటుంది, నువ్వు నీ పని చేసుకోగలవు. అంతవరకూ అయితే పెద్దగా భయపడక్కర్లేదు.

కానీ నొప్పి బ్లీడింగ్‌కి రెండు మూడు రోజుల ముందే మొదలై అయిపోయాక కూడా ఉంటోందా, ఏడాదికేడాది పెరుగుతోందా, బిళ్ల వేసుకున్నా క్లాసుకో ఆఫీసుకో వెళ్లలేకపోతున్నావా, ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్లినా యూరిన్‌కి వెళ్లినా పొడిచినట్టు ఉంటోందా, శారీరకంగా కలిస్తే నొప్పి వస్తోందా, ఇవి మామూలు కాదు. ఎవరు ఏమన్నా సరే ఇవి చూపించుకోవాల్సినవే.

డేట్ల సంగతికొస్తే పెద్దవాళ్లయిన ఆడవాళ్లలో 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా నార్మల్ కిందే లెక్క, రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్లలో 45 రోజుల దాకా గ్యాప్ ఉండొచ్చు. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు, పోయిన నెల బ్లీడింగ్ ఆగిన రోజు నుంచి లెక్కేస్తారు, అలా కాదు, బ్లీడింగ్ మొదలైన రోజు నుంచి మళ్లీ మొదలైన రోజు దాకా లెక్కేయాలి. బ్లీడింగ్ 8 రోజులు దాటి పోతున్నా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకుంటున్నా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తున్నా, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడుతున్నా అది ఎక్కువ బ్లీడింగే. మూడు నెలలు అసలు రాకపోయినా వెళ్లాలి.

ఇంకొన్నిటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి: వరసగా రెండు గంటలపాటు గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, కళ్లు బైర్లు కమ్మి పడిపోవడం, ఒక్కసారిగా పొత్తికడుపులో ఒక పక్క తట్టుకోలేని నొప్పి వాంతులతో రావడం, నొప్పితో పాటు జ్వరం, లేదా ప్రెగ్నెన్సీ అయ్యే అవకాశం ఉండి నొప్పి, బ్లీడింగ్ రావడం. ఒవరీ (అండాశయం) మెలిపడటం, ట్యూబ్‌లో గర్భం రావడం లాంటివి గంటల్లో ముదిరిపోతాయి.

వెళ్లేముందు రాసుకో, ఇదే అన్నిటికన్నా ముఖ్యం

డాక్టర్ గదిలో మనకి దొరికేది అయిదు నిమిషాలు, పెద్దాసుపత్రి ఓపీలో అయితే అది కూడా ఉండదు. "బాగా నొప్పి మేడం" అంటే ఆవిడ రోజూ వినే మాటే అది, "సరే ఈ టాబ్లెట్ వాడమ్మా" అంటుంది. అదే కాగితం మీద ఉంటే ఆగి చదువుతుంది. రెండు మూడు నెలలవి రాస్తే మంచిది, ఫోన్‌లో యాప్ వాడినా పర్లేదు కానీ యాప్‌లో డేట్లు తప్ప మిగతావి సరిగ్గా పడవు, చిన్న నోట్‌బుక్కే నయం. ఇదిగో ఇలా రాయాలి:

"3వ తేదీ, మొదటి రోజు. తెల్లారుజామున 4కి నొప్పితో మెలకువ వచ్చింది. నొప్పి 10కి 8. రెండుసార్లు వాంతి. 6కి బిళ్ల, మళ్లీ 2కి ఇంకోటి, 8 నుంచి 6కి తగ్గింది అంతే. పెద్ద ప్యాడ్లు 6 మార్చాను, గడ్డలు పడ్డాయి. నడుం, తొడలు లాగేశాయి. మోషన్‌కి వెళ్తే వెనకవైపు పొడిచినట్టు నొప్పి. కాలేజ్ మానేశా."

చూశావా, ఇందులో ఒక్క కష్టమైన మాట కూడా లేదు, కానీ డాక్టర్‌కి కావాల్సినవన్నీ ఉన్నాయి. మానేసిన క్లాసులు, రాయలేకపోయిన ఎగ్జామ్, పెట్టిన లీవులు తప్పకుండా రాయి, "10కి 8" అంటే ఒక్కొక్కరికీ ఒక్కోలా అనిపిస్తుంది గానీ "సెమిస్టర్ ఎగ్జామ్ మధ్యలో లేచొచ్చేశా" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

దాంతో పాటు ఒక పేజీలో ఇవి కూడా రాయి: రజస్వల ఎప్పుడయ్యావు, నొప్పి మొదటినుంచీ ఉందా మధ్యలో మొదలైందా, ఒళ్లు పెరగడమో తగ్గడమో, మొహం మీద వెంట్రుకలు, మొటిమలు, జుట్టు రాలడం, పాలలాంటి డిశ్చార్జ్, అమ్మకి, పిన్నికి, అక్కకి ఇలాంటి ఇబ్బంది ఏమైనా ఉందా, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా, పన్ను పీకించుకుంటే రక్తం ఆగకపోవడం, ముక్కులోంచి తరచూ రక్తం కారడం, ఊరికే కమిలిపోవడం ఉందా. టీబీ ఎందుకంటే మన దేశంలో గర్భసంచికి, ట్యూబులకి టీబీ రావడం అరుదేం కాదు, పీరియడ్స్ తగ్గిపోవడం, కడుపునొప్పి తప్ప వేరే గుర్తులు లేకుండా కూడా ఉంటుంది.

వాడిన మందులన్నీ రాయి, స్ట్రిప్ ఫొటోలు తీసిపెట్టుకో. మన వైపు పూజ ఉందనో, ఇంట్లో పెళ్లి ఉందనో, తిరుపతి వెళ్తున్నామనో మెడికల్ షాపులో పీరియడ్ వాయిదా వేసే టాబ్లెట్ తెచ్చి ఇచ్చేస్తారు కదా, అది హార్మోన్ మందు, అది ఎప్పుడెప్పుడు వాడావో చెప్పాలి. ఐ-పిల్ లాంటి అత్యవసర గర్భనిరోధక బిళ్లలు వేసుకున్నా అంతే, వాటివల్ల ఆ తర్వాత డేట్లు అటూఇటూ అవుతాయి, అది చెప్పకపోతే డాక్టర్ లేని జబ్బు కోసం వెతకాల్సి వస్తుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

గైనకాలజిస్ట్ దగ్గరికే. ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం, మెడికల్ షాపు అన్నని అడిగి బిళ్ల తెచ్చుకోవడం ఈ పనికి రావు. డబ్బులు ఇబ్బంది అయితే ప్రభుత్వ ఆసుపత్రులకి ధైర్యంగా వెళ్లు: హైదరాబాద్‌లో పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ, విశాఖలో ఘోషా ఆసుపత్రి, కేజీహెచ్, తిరుపతి ప్రసూతి ఆసుపత్రి, గుంటూరు జీజీహెచ్, వీటన్నిట్లో గైనిక్ ఓపీ ఉంటుంది, పేరు ప్రసూతి అని ఉన్నా పెళ్లికాని వాళ్లని కూడా చూస్తారు. పొద్దున్నే వెళ్లి చీటీ తీసుకోవాలి. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అని మొదలుపెట్టి కొన్ని పీహెచ్‌సీలు, బస్తీ దవాఖానాల్లో మంగళవారాలు ఆడవాళ్లకే కేటాయించారు, మీ దగ్గర నడుస్తోందేమో ఆశా వర్కర్‌ని అడుగు. అక్కడి డాక్టర్ రాసిన రక్త పరీక్షలు టీ డయాగ్నస్టిక్స్ అనే ప్రభుత్వ ల్యాబుల్లో ఉచితంగా చేస్తారు. ఊరు దాటి వెళ్లలేని పరిస్థితిలో ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో ఫోన్ మీద డాక్టర్‌తో మాట్లాడి మొదటి సలహా తీసుకోవచ్చు, కాకపోతే స్కాన్‌కి ఎలాగూ వెళ్లాల్సిందే.

డాక్టర్ గదిలో

ఇక్కడ మన అమ్మాయిలకి వచ్చే పెద్ద చిక్కు ఏంటంటే ప్రశ్న నిన్ను అడిగితే జవాబు అమ్మ చెప్తుంది. అమ్మ ప్రేమతోనే చెప్తుంది కానీ "కొంచెం నొప్పి వస్తుంది మేడం, సరిగ్గా తినదు" అనేస్తుంది, అక్కడితో కథ అయిపోతుంది. ముందే ఇంట్లో చెప్పు, "అమ్మా, లోపల నేను మాట్లాడతా, నేను మర్చిపోతే నువ్వు అందించు" అని. కొన్ని విషయాలు అమ్మ ముందు చెప్పలేవు అనుకుంటే "మేడం, మీతో రెండు నిమిషాలు విడిగా మాట్లాడాలి" అని అడుగు, మంచి డాక్టర్ అయితే అమ్మని బయట కూర్చోమని తనే అంటుంది. నీకు పద్దెనిమిది దాటితే నీ విషయం నీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు.

పెళ్లి కాలేదని తెలిసినా "ఎవరితోనైనా కలిశావా" అని అడిగితే, యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయిస్తే నిన్ను అవమానిస్తున్నారని అనుకోకు, పీరియడ్ తేడాగా ఉన్న ప్రతి అమ్మాయికీ ముందు అది తేల్చుకోవడం పద్ధతి. నిజం చెప్పు. అదే ప్రశ్న నలుగురిలో గట్టిగా అడిగితే మాత్రం "ఇక్కడ చెప్పలేను" అనే హక్కు నీకుంది.

పొట్ట మీద చేత్తో నొక్కి చూడటం అందరికీ చేస్తారు. యోని లోపలి పరీక్ష నువ్వు సరే అంటేనే, ఇదివరకు ఎవరితోనూ కలవని అమ్మాయికి సాధారణంగా అది చేయరు, వద్దంటే వద్దు అని చెప్పొచ్చు. మగ డాక్టర్ అయితే పక్కన నర్సు ఉండాలి.

బయటికి వచ్చేముందు ఈ నాలుగూ అడిగి రా, పేపర్ మీద రాసుకెళ్లి చదివినా తప్పేం లేదు: "ఇది ఏమై ఉండొచ్చని మీకు అనుమానం మేడం? ఈ టెస్టులతో ఏది ఉందో లేదో తేలుతుంది? ఈ మందు ఎన్ని నెలలు వాడాలి? దీనికి తగ్గకపోతే తర్వాత ఏం చేద్దాం?" చివరి ప్రశ్నకి జవాబు ప్రిస్క్రిప్షన్ మీద రాయించుకో.

టెస్టులు

నీ లక్షణాల్ని బట్టి రాస్తారు, అందరికీ అన్నీ అక్కర్లేదు. బ్లీడింగ్ ఎక్కువైతే సీబీసీ (హిమోగ్లోబిన్, రక్త కణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) ఉండాల్సిందే. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ అడుగంటిన వాళ్లు కూడా ఉంటారు, నీరసం, జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం వాళ్లకీ ఉంటుంది, అందుకని సీబీసీ ఒక్కటే రాస్తే ఫెరిటిన్ కూడా రాయమని అడుగు. చిన్నప్పటినుంచీ, అంటే మొదటి పీరియడ్ నుంచే విపరీతంగా పోతుంటే రక్తం గడ్డకట్టడంలో లోపం ఉందేమో చూడాలి, వాన్ విల్లెబ్రాండ్ అనే జబ్బు చాలామంది అమ్మాయిల్లో ఇలాగే బయటపడుతుంది.

డేట్లు తప్పుతుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్ట్), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్), ఇంకా కొన్ని. ఒవరీలని నడిపించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ల టెస్టులు పీరియడ్ రెండో రోజు నుంచి అయిదో రోజు లోపల ఇవ్వమంటారు, ఏ రోజు ఇచ్చావో రిపోర్ట్ మీద పెన్నుతో రాసుకో. జుట్టుకోసం బయోటిన్ బిళ్లలు వాడుతున్నావా, అవి థైరాయిడ్ రిజల్ట్‌ని తప్పుగా చూపిస్తాయి, టెస్ట్‌కి ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి ఆపు. హార్మోన్ బిళ్లలు వాడుతూ టెస్టోస్టెరాన్ చేయించినా ఆ నంబర్‌ని నమ్మలేం.

స్కాన్ విషయం కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే అక్కడే ఎక్కువమంది తప్పుదారి పడతారు. స్కానింగ్ సెంటర్‌లో కౌంటర్ దగ్గరే "మ్యారీడా, అన్‌మ్యారీడా" అని అడుగుతారు, అన్‌మ్యారీడ్ అంటే పొట్ట మీద నుంచి చేసే స్కాన్ చేస్తారు, దానికి లీటరు దాకా నీళ్లు తాగి యూరిన్ ఆపుకుని కూర్చోవాలి, బ్లాడర్ నిండకపోతే లోపలున్నవి సరిగ్గా కనపడవు, కాబట్టి నీ నంబర్ ఎప్పుడొస్తుందో కనుక్కుని దాన్ని బట్టి తాగు. ఈ స్కాన్‌లో పెద్ద సిస్టులు (నీటి బుడగలు), ఫైబ్రాయిడ్స్ (గర్భసంచిలో పెరిగే గడ్డలు), గర్భసంచి ఆకారం తెలుస్తాయి. చిన్న చిన్న ఎండోమెట్రియోసిస్ మచ్చలు (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం, కింద చెప్తా) తెలియవు. లోపలినుంచి చేసే స్కాన్‌లో ఇంకా బాగా కనిపిస్తుంది, అది కుదరకపోతే, అనుమానం గట్టిగా ఉంటే ఎంఆర్ఐ రాస్తారు. రజస్వల అయిన కొద్ది నెలలకే నొప్పి మొదలై నెలనెలా పెరుగుతూ పోతుంటే గర్భసంచి పుట్టుకతోనే వేరేలా ఏర్పడి ఒక పక్క రక్తం బయటికి రాలేక నిలిచిపోతోందేమో చూడమను, అలాంటివాళ్లలో ఒక కిడ్నీ లేకపోవడం కూడా ఉంటుంది కాబట్టి కిడ్నీలు కూడా స్కాన్‌లో చూస్తారు.

రిపోర్ట్ వచ్చాక

"స్కాన్ నార్మల్, నీకేం లేదమ్మా, స్ట్రెస్" అన్నారా? నాకూ ఒకచోట అచ్చం ఇలాగే చెప్పి పంపించేశారు, తర్వాత తేలింది ఎండోమెట్రియోసిస్ అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఈ జబ్బు ఉంటుంది, అంటే నీ క్లాసులో కూడా ఇంకెవరికో ఉండే ఉంటుంది. గర్భసంచి లోపల ఉండే పొర లాంటిది బయట ఒవరీల మీద, పేగుల మీద, బ్లాడర్ మీద పెరగడం ఇది. స్కాన్ గానీ ఎంఆర్ఐ గానీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఇది లేదని చెప్పకూడదని 2022లో వచ్చిన యూరప్ సంతాన చికిత్స నిపుణుల సంఘం (ఎష్రే) గైడ్‌లైన్స్ కూడా అంటున్నాయి. సీఏ-125 రక్త పరీక్షతో కూడా ఉందో లేదో తేల్చలేరు, దాని మీద డబ్బులు పెట్టేముందు ఎందుకు చేయిస్తున్నారో అడుగు.

దీనికి ఎదురు కూడా జరుగుతుంది. స్కాన్‌లో "పాలీసిస్టిక్ ఓవరీస్" అని ఒక లైన్ ఉంటే చాలు, పీసీఓడీ అని ముద్ర వేసేసి పంపిస్తారు. డేట్లు తప్పడం, మగ హార్మోన్ ఎక్కువ ఉండటం, స్కాన్‌లోనో ఏఎంహెచ్ (ఒవరీల్లో అండాల నిల్వ చూపించే హార్మోన్) టెస్ట్‌లోనో కనపడటం, ఈ మూడింట్లో రెండైనా ఉండాలి, థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి వేరే కారణాలు లేవని తేలాలి, అప్పుడే పీసీఓఎస్ (పీసీఓడీ అంటున్నది దీన్నే) అనాలి. రజస్వల అయ్యి 8 ఏళ్లు దాటని అమ్మాయిలకి స్కాన్ చూసి గానీ ఏఎంహెచ్ చూసి గానీ చెప్పొద్దని 2023 అంతర్జాతీయ గైడ్‌లైన్ ఉంది, ఎందుకంటే ఆ వయసులో ఒవరీలు మామూలుగానే అలా కనిపిస్తాయి. ఇంకో సంగతి, పీసీఓఎస్ వల్ల డేట్లు తప్పుతాయి గానీ అంత భయంకరమైన నొప్పి రావడం దాని లక్షణం కాదు. నొప్పే నీ అసలు బాధ అయితే, పీసీఓడీ అని చెప్పారు కదా అని ఆగిపోకు, "మేడం, మరి నొప్పి ఎందుకు?" అని మళ్లీ అడుగు.

మందు ఇచ్చి చూద్దాం అంటే

ఇది తప్పించుకోవడం అనుకోకు, ఇది కూడా పరీక్షలో భాగమే. మెఫెనమిక్ యాసిడ్ లాంటి నొప్పి బిళ్లలు ఏదైనా తిన్నాకే వేసుకోవాలి, నొప్పి ముదిరాక కాకుండా మొదలవుతుండగానే డాక్టర్ చెప్పిన టైముల ప్రకారం వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయి. అల్సర్, కిడ్నీ ఇబ్బంది, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. మెఫెనమిక్ యాసిడ్ వల్ల కొద్దిమందిలో జ్వరం, ఒంటినిండా దద్దుర్లతో ప్రమాదకరమైన రియాక్షన్ వస్తుందని 2023 నవంబర్‌లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక ఇచ్చింది, అలా వస్తే ఆపేసి వెంటనే చూపించుకో.

తర్వాత హార్మోన్ బిళ్లలు ఇస్తారు. "పెళ్లికాని పిల్లకి పిల్లలు పుట్టకుండా చేసే బిళ్లలా" అని ఇంట్లో గొడవ అవుతుంది, అమ్మకి నువ్వే నిదానంగా చెప్పు, ఇవి నొప్పికి, బ్లీడింగ్‌కి మందు, ఆపేశాక పిల్లలు పుట్టడానికి అడ్డం రావు అని. మైగ్రేన్ ఉండి తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు కనిపించే అలవాటు ఉంటే, ఇంట్లో ఎవరికైనా కాళ్లల్లో రక్తం గడ్డకట్టి ఉంటే డాక్టర్‌కి చెప్పి తీరాలి, అప్పుడు డైనోజెస్ట్ లాంటి వేరే రకం ఇస్తారు.

మూడు నుంచి ఆరు నెలలు సరిగ్గా వాడినా తగ్గలేదా, ఇంక ఊరుకోకూడదు. ఇలా రెండు రకాల మందులకీ తగ్గని అమ్మాయిలకి లాపరోస్కోపీ (పొట్టకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూడటం) చేసి చూస్తే కనీసం మూడింట రెండు వంతుల మందిలో ఎండోమెట్రియోసిస్ కనిపిస్తుందని అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2018లో చెప్పింది. అప్పుడు ఎండోమెట్రియోసిస్ మీద పనిచేసే లాపరోస్కోపిక్ సర్జన్ దగ్గరికి రిఫర్ చేయమని అడుగు. లాపరోస్కోపీ అందరికీ అక్కర్లేదు, ఇప్పుడు లక్షణాలు చూసి మందు మొదలుపెడుతున్నారు కూడా, కానీ చేయించుకోవాల్సి వస్తే ముందే మూడు అడుగు: జబ్బు కనిపిస్తే అప్పుడే తీసేస్తారా, ముక్క తీసి బయాప్సీకి పంపిస్తారా, ఒవరీకి నష్టం ఎంతవరకు ఉండొచ్చు. ఫొటోలు, వీడియో, బయాప్సీ రిపోర్ట్ చేతికి తీసుకునే ఇంటికి రా.

గర్భసంచి తీసేద్దాం అని ఈ వయసులో ఎవరైనా అంటే సంతకం పెట్టకుండా ఫైల్ తీసుకుని వచ్చేయ్, వేరే ఇద్దరికి చూపించు. "ఇప్పుడు తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని భయపెడితే ఏ రిపోర్ట్ చూసి అంటున్నారో చూపించమను.

ఇక ఫైల్ గురించి. ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొనుక్కుని అన్నీ తేదీల వరసలో పెట్టు, స్కాన్ ఫిల్మ్‌లు కూడా, ఒట్టి రిపోర్ట్ కాగితం కాదు, కొత్త డాక్టర్ ఫిల్మే అడుగుతారు. అన్నిటికీ ఫోన్‌లో ఫొటోలు తీసి అక్కకో ఫ్రెండ్‌కో పంపించి ఉంచు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయి: ఏ డాక్టర్, ఏ తేదీ, ఏం అనుమానించారు, ఏది కాదని తేలింది, ఏ మందు ఎన్నాళ్లు, ఎంత తగ్గింది, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. డాక్టర్ మారాల్సి వస్తే ఆ ఒక్క పేజీ చేతిలో పెట్టు, మళ్లీ మొదటినుంచి, అవే టెస్టులు అవే బిళ్లలు అనే తిరుగుడు తప్పుతుంది.